పరుపులవాడి కసరత్తు

నన్ను నేల మీది నుంచి లేపడానికి ఇద్దరు ఆడవాళ్ళు కావలసివచ్చారు. ఒకరు నా భార్య. రెండోవారు పాత పరుపు ఏకించుకుపోదామని మా దుకాణానికి వచ్చిన రైతు ఇల్లాలు. ఆవిడెవరో నాకు అంతకు ముందు తెలియను కూడా తెలియదు. మూల కుట్టు సరిచేద్దామని పరుపు మీద కూర్చున్నవాణ్ణి, లేవబోతే మోకాళ్ళు సహకరించలేదు. ఆవిడ కుడి రెక్క, మా ఆవిడ ఎడమ రెక్క పట్టుకుని ఒక్క ఊపున గుంజారు. లేచి నిలబడ్డాక ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "పరుపులు బాగానే కుడతారంట గానీ అన్నా, ముందు నిన్ను ఎండలో వేసి ఏకాలయ్యా" అంది. దుకాణం ముందున్న వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ఒళ్ళు మండిపోయింది.

మేము దూదేకులవాళ్ళం. మా తాత ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని తిరిగాడు. మా నాన్న దుకాణం పెట్టాడు. నా కాలానికి ఏకడానికి మిషను వచ్చింది. కుట్టడం మాత్రం ఇప్పటికీ చేతిపనే. బూరుగు దూది నింపిన గుడ్డను నేల మీద పరిచి, బెత్తంతో కొట్టి దూది సమంగా సర్ది, ఆ పరుపు మీదే కూర్చుని జానెడు దబ్బనంతో దారం వేసి బిగించుకుంటూ రావాలి. ఒక వరస అయ్యాక లేచి జరగాలి, మళ్ళీ కూర్చోవాలి. ఒక పరుపు పూర్తయ్యేసరికి ఎన్నిసార్లు కూర్చుని లేస్తామో మేమెప్పుడూ లెక్కపెట్టలేదు. మోకాళ్ళు బాగున్నంతకాలం ఎవరు లెక్కపెడతారు?

అప్పటికి నాకు యాభై రెండేళ్ళు. ఎనభై తొమ్మిది కిలోల బరువు. మిషను వచ్చాక ఒంటికి పని తగ్గింది, తిండి తగ్గలేదు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. నా విషయంలో కొండే పెరిగింది. రెండేళ్ళుగా నేల మీద పనంతా నా భార్యే చేస్తోంది. నేను దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడుతూ, దూది తూస్తూ, కొలతలు రాసుకుంటూ యజమానిలా ఉండేవాణ్ణి. సాయంత్రానికి ఆమె భుజానికి అమృతాంజనం పూసుకుంటుంటే చూడనట్టు నటించేవాణ్ణి. సిగ్గుపడవలసిన మాటే. ఆ రోజు ఆ రైతు ఇల్లాలు నన్ను గుంజేవరకు అంత సిగ్గుపడలేదు, అంతే.

మర్నాడు గుంటూరు వెళ్ళి ఎముకల డాక్టరుకు చూపించుకున్నాను. ఆయన ఫోటోలు తీయించి, నా తొడ మీద వేలితో నొక్కి, "ఇక్కడ కండే లేదండీ. బరువంతా కీళ్ళ మీద పడుతోంది. బరువు తగ్గాలి, కండ పెరగాలి. రెండూ కుదరవంటారా, నేల మీద కూర్చునే పని మానుకోండి" అన్నాడు.

నేల మీద కూర్చునే పని మానుకుంటే నాకిక ఏం పని ఉంటుంది? తమ్ముడి వరసైన ఒకడు ఇంటికి వచ్చి, "ఫోమ్ పరుపులు తెచ్చి పెట్టుకో అన్నా. కుర్చీలో కూర్చుని అమ్ముకోవచ్చు" అన్నాడు. వాడు నా మేలు కోరే చెప్పాడు. అయినా పుండు మీద కారం చల్లినట్టయింది. వాడు వెళ్ళాక నా భార్యతో తెగేసి చెప్పాను. "వైశాఖంలో పెళ్ళి పరుపులు నేనే కూర్చుని కుడతా. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేస్తా. అది చేతగాకపోతే దబ్బనం అటక మీద పడేసి ఫోమ్ పరుపులు తెస్తా." అప్పుడు దసరా వెళ్ళి రెండు వారాలైంది. ఆమె నా మొహం చూసి, "సరేలే, ముందు అన్నం తిను" అంది.

బరువు తగ్గడం నాకు కొత్త కాదు. అంతకు ముందు ఏడాది రెండు నెలలపాటు పస్తులున్నాను. పొద్దున టీ, మధ్యాహ్నం ఒక జొన్న రొట్టె, రాత్రికి మజ్జిగ. ఎనిమిది కిలోలు తగ్గాను. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. కానీ అంతకు ముందు ఒంటి చేత్తో ఎత్తే దూది బస్తాను రెండు చేతులతో ఎత్తలేకపోయాను. మెట్లెక్కితే కాళ్ళు వణికేవి. ఆకలి భరించలేక మళ్ళీ తినడం మొదలుపెట్టాను. పోయిన ఎనిమిదీ వచ్చాయి, తోడుగా ఇంకో రెండు తెచ్చుకున్నాయి. కాళ్ళలో బలం మాత్రం తిరిగి రాలేదు.

అందుకని ఈసారి జిమ్‌కు వెళ్ళాను. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన ఒకావిడ, పురుగుమందుల షాపు పైఅంతస్తులో దాన్ని నడుపుతోంది. మెట్లెక్కుతుంటేనే మందుల వాసన తలకెక్కుతుంది. నేను లుంగీ మీద వెళ్ళాను. అద్దం ముందు కండలు చూసుకుంటున్న కుర్రాడొకడు, "బాబాయ్, పరుపులు తెచ్చావా?" అన్నాడు. "నీకు పక్క వేద్దామని వచ్చాన్రా" అన్నాను. టీచరు గారు నవ్వలేదు. ఒక కుర్చీ తెచ్చి నా ముందు వేసి, "కూర్చోండి సాయిబు గారూ" అంది. కూర్చున్నాను. "లేవండి." చేతులు ఆనించి లేచాను. "చేతులు గుండెల మీద పెట్టుకుని లేవండి." లేవలేకపోయాను. కుర్చీ మీద రెండు మందపాటి పుస్తకాలు పెట్టి ఎత్తు పెంచింది. అప్పుడు లేచాను. "పదిసార్లు" అంది.

మొదటి రోజు నా కసరత్తు అంతే. కుర్చీలోంచి లేవడం. చదువు రాని పిల్లాడికి పలక ఇచ్చినట్టు నాకు కుర్చీ ఇచ్చింది. కానీ మర్నాడు తొడలు పట్టేసి బాత్రూము పీట మీద కూర్చోలేకపోయాను. రెండో వారం ఒక పుస్తకం తీసేసింది. మూడో వారం చేతికి ఐదు కిలోల ఇనపబిళ్ళ ఇచ్చింది. నాకు ఉత్సాహం వచ్చింది.

ఉత్సాహం వచ్చినవాడు ఊరుకోడు కదా, ఫోన్ తెరిచాను. కసరత్తు అని కొడితే ఒకటి కాదు, వంద వీడియోలు వచ్చాయి. కండలు తిరిగినవాడొకడు వేలు చూపించి మరీ చెప్పాడు. కండ పెంచితే చాలట, పడుకుని నిద్రపోతున్నా కొవ్వు కరుగుతూనే ఉంటుందట. ఇక తిండి గురించి దిగులే అక్కర్లేదట. పడుకుంటే మేలు జరుగుతుందనే మాట పరుపులవాడు నమ్మకపోతే ఇంకెవడు నమ్ముతాడు? వెంటనే నమ్మాను. దుకాణానికి వచ్చినవాళ్ళకు కూడా చెప్పాను. ఒకాయనకైతే ఆ మాట చెప్పి మెత్తటి పరుపు ఒకటి అంటగట్టాను కూడా.

కండకి తిండి పెట్టాలి కదా అని పొద్దున్నే గుడ్లు మొదలుపెట్టాను. గుడ్లు తిన్నంత మాత్రాన ఇడ్లీలు మానలేదు. కసరత్తు చేసి వచ్చాను కదా అని మధ్యాహ్నం రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. ఆ నెలే ఇంట్లో పండుమిరపకాయ పచ్చడి కొత్త జాడీ విప్పారు. మా వైపు పచ్చడి సంగతి ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. కారం తగ్గడానికి ఇంకో ముద్ద, ఆ ముద్ద చప్పగా ఉందని ఇంకాస్త పచ్చడి, అలా అన్నాన్ని అదే లాగుతుంది. సాయంత్రం బజ్జీల బండి దగ్గర కూడా నాకు భయం పోయింది. రాత్రి పడుకున్నాక ఎలాగూ కరుగుతాయిగా!

మా దుకాణంలో దూది తూసే కాటా ఉంది. వారానికోసారి నేనే దాని మీదికి ఎక్కేవాణ్ణి. పాత దూదిలో దుమ్ము కింద అరకిలో తీసెయ్యడం మా వృత్తిలో ఆనవాయితీ. నేను చొక్కా, లుంగీ కింద అరకిలో తీసేసేవాణ్ణి. లెక్క నచ్చకపోతే ముప్పావు కిలో. నెల తిరిగేసరికి ఎంత తీసేసినా తొంభై ఒకటి దగ్గర నిలబడింది. రెండు కిలోలు పెరిగాను.

నాకు కోపం ఎక్కువ. ఆ కోపంతోనే మెట్లెక్కాను. కుర్రాళ్ళందరూ ఉండగానే అడిగాను.

"నెలరోజుల్నుంచి మీరు చెప్పినట్టల్లా చేత్తన్నా మేడం. రెండు కిలోలు పెరిగా. కండ వస్తే కొవ్వు దానంతటదే కరిగిద్దన్నారుగా?"

"నేనన్నానా?"

"ఫోన్లో అన్నారు."

"ఫోన్లో ఎవడో అన్నదానికి నా మీదకు వచ్చారా? కూర్చోండి ముందు." ఆవిడ గొంతు స్కూలు గ్రౌండు అవతలికి వినిపించే గొంతు. "అంతా అబద్ధమేం కాదు. కొవ్వు కంటే కండ కాస్త ఎక్కువే తింటది. మీరు పడుకున్నా తింటది. కానీ ఎంత తింటదనుకున్నారు? నెలలో మీకొచ్చిన కండ ఎంత? దానికి రోజంతా అరముద్ద చాలు. మీరు దాని పేరు చెప్పి నాలుగు ముద్దలు లాగిస్తన్నారు. బజ్జీల బండి దగ్గర మిమ్మల్ని నేను చూళ్ళేదనుకున్నారా?"

"మరి ఈ ఇనుమంతా ఎందుకు మొయ్యాలండీ?"

"బరువు తగ్గేది కంచం దగ్గర. ఇక్కడికి వచ్చేది, తగ్గేటప్పుడు కొవ్వు పోవాలి గానీ కండ పోకూడదని. పోయినేడు పస్తులున్నానన్నారుగా, అప్పుడేం పోయింది? కాళ్ళు పోయినయ్. తూకం తగ్గిందని ఊరంతా చెప్పుకున్నారు. మీకసలు ఏం కావాలి సాయిబు గారూ, కాటా మీద అంకె కావాలా, నేల మీంచి లేవటం కావాలా?"

ఆవిడ చెప్పింది నిజమని తెలిసి కూడా ఒప్పుకోవడానికి మనసు రాలేదు. విసురుగా మెట్లు దిగి ఇంటికి వచ్చాను. దారిలో సగం దూరం ఆవిణ్ణి తిట్టుకున్నాను, మిగతా సగం నన్ను నేను తిట్టుకున్నాను. ఇంటికి వచ్చి నా భార్యతో, "రేపట్నుంచి నాకు అన్నం నువ్వే వడ్డించు. నేను అడిగినా రెండో గరిటె దాటి వెయ్యొద్దు" అన్నాను. ఆ పని ఆమె ఎంత ఇష్టంగా చేసిందో నేను చెప్పలేను. పెళ్ళైన ముప్పై ఏళ్ళకు ఆమెకు అధికారం చేతికి వచ్చింది. పప్పు, కూర ఎంత కావాలన్నా వేసేది. గుడ్లు ఉంచింది. అన్నం మాత్రం రెండు గరిటెలే. పచ్చడి జాడీ అటకెక్కింది. బజ్జీల బండి అతనికి కూడా చెప్పి వచ్చింది. "మా ఆయనకి పెట్టావంటే నీ బండి ముందు కూర్చుంటా" అందట. అతను రెండు వారాలు నేను కనిపిస్తే మొహం తిప్పుకునేవాడు.

అలా రెండు నెలలు గడిచాయి. చేతిలో ఇనుము ఐదు నుంచి పదికి, పది నుంచి పదిహేనుకు పెరిగింది. కాటా ఎనభై ఎనిమిదికి వచ్చి అక్కడే కూర్చుంది. ఒక వారం, రెండు వారాలు, మూడు వారాలు. అంటే మొదలుపెట్టిన నాటికి, ఆ నాటికి తేడా ఒక్క కిలో! ఇంత చాకిరీకి ఒక్క కిలోనా? పొద్దున్నే లేవబుద్ధి కాలేదు. ఆ వారం రెండు రోజులు జిమ్ ఎగ్గొట్టాను.

ఆ రోజుల్లోనే ఒక పెద్దావిడ పరుపు ఏకించుకోవడానికి వచ్చింది. దూదేకులవాడు దూది కాజేస్తాడని జనానికి ఒక అనుమానం ఉంటుంది. అందుకే మా నాన్న నాటి నుంచి పరుపు విప్పగానే వచ్చినవాళ్ళ కళ్ళ ముందే దూది తూస్తాం, ఏకాక మళ్ళీ తూస్తాం. ఆవిడ పరుపు విప్పితే దూది ఉండలు కట్టి గట్టిగా ఉంది. మిషనులో వేసి తీసేసరికి గదిలో సగం ఎత్తు కుప్ప అయింది. ఆవిడ బుగ్గలు నొక్కుకుని, "ఇంత దూది మాదేనంటావా? నీది కలిసిందేమో చూసుకో అమ్మాయ్" అంది. నా భార్య తూసి చూపించింది. దుమ్ము పోగా మొదటి తూకమే.

ఆవిడ వెళ్ళాక నా భార్య నా వైపు తిరిగింది. "రోజూ చూస్తూనే ఉంటావు కదయ్యా. తూకం మారలా, దూది మారింది. నీ దగ్గరికి వచ్చేసరికి ఆ కాటా తప్ప ఇంకేం కనపడదా?"

"దూది ఉబ్బింది. నేనేం ఉబ్బానా?" అన్నాను చిరాగ్గా.

"నువ్వు తగ్గావు. లుంగీ ముడి ఎక్కడ పడతందో చూసుకున్నావా? ఇట్టా రా." పరుపులు కొలిచే టేపు తీసి నా నడుముకు చుట్టింది. దసరా తర్వాత నాకు కొత్త చొక్కాలు కుట్టించినప్పుడు రాసుకున్న నడుము కొలత దుకాణం పుస్తకంలో ఉంది. నాలుగు వేళ్ళ మందం తగ్గింది. నమ్మక నేనే ఇంకోసారి కొలుచుకున్నాను. అదే వచ్చింది. ఆమె దూది బస్తాలు రెండు తెచ్చి కాటా మీద పెట్టి, "ఇంక దీని జోలికి రామాక" అంది. మర్నాడు జిమ్‌కు వెళ్ళాను.

మాఘం దాటాక టీచరు గారు కుర్చీ తీసేసింది. నేల మీద చాప వేసి, "ఇప్పుడు కింద కూర్చుని లేవాలి" అంది. ఒక మోకాలు ఆనించి, రెండో పాదం ముందుకు వేసి, చెయ్యి ఎక్కడా పెట్టకుండా లేవాలి. కూర్చోవడం బాగానే వచ్చింది. లేచేటప్పుడు చెయ్యి దానంతటదే నేలకు పోయేది. "చెయ్యి!" అని ఆవిడ అరిచేది. మళ్ళీ కూర్చోవడం, మళ్ళీ చెయ్యి. కుర్రాళ్ళు మొదట్లో నవ్వేవారు, తర్వాత లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మూడు వారాలపాటు రోజూ ఓడిపోయాను. ఒక రోజు కళ్ళలో నీళ్ళు తిరిగితే చెమట తుడుచుకున్నట్టు తుడుచుకున్నాను. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. నాకు రాజ్యాలు అక్కర్లేదు, చాప మీంచి లేస్తే చాలనుకున్నాను. నాలుగో వారం ఒక పొద్దున లేచాను. వంకరగా, ఊగుతూ, కానీ చెయ్యి పెట్టకుండా. ఆవిడ "ఊ, ఇంకో నాలుగు" అంది.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఎందుకంటే చాప వేరు, పరుపు వేరు. చాప కింద గట్టి నేల ఉంటుంది. కొత్త పరుపు మీద మోకాలు దిగబడుతుంది, పాదానికి పట్టు దొరకదు. జిమ్‌లో లేచిన మోకాలు పరుపు మీద లేస్తుందో లేదో నాకు తెలియదు. దుకాణంలో ఎవరూ లేనప్పుడు ప్రయత్నించి చూద్దామా అనుకున్నాను. భయం వేసింది. లేవలేకపోతే ఏమిటి గతి? ఫోమ్ పరుపులేనా? ఆ భయంతో వైశాఖం వచ్చేదాకా వాయిదా వేశాను.

మొదటి పెళ్ళి పరుపు పక్క ఊళ్ళో ఒక రైతు ఇంట్లో కుట్టాలి. పెళ్ళి పరుపు ఇంటి దగ్గరే కుట్టించుకోవడం మా వైపు కొందరికి అలవాటు. పెళ్ళికూతురి పక్కకు దూది వాళ్ళ కళ్ళ ముందే నింపాలి. నేను, నా భార్య ఏకిన దూది బస్తాలు ఆటోలో వేసుకుని పొద్దున్నే వెళ్ళాం. మిరపకాయలన్నీ కోల్డ్ స్టోరేజీకి వెళ్ళిపోయినా వసారాలో ఇంకా ఘాటు ఉంది, అడుగుపెట్టగానే ఇద్దరం తుమ్మాం. ఇంటి పెద్దాయన నన్ను చూసి లోపలికి కేకేశాడు. "ఒరేయ్, సాయిబు గారికి కుర్చీ వెయ్యండ్రా. ఆవిడ కుట్టుకుంటదిలే, ఆయన కూర్చుంటాడు."

ఆ మాటకు నా చెవులు వేడెక్కాయి. చుట్టుపక్కల ఊళ్ళకు కూడా నేను కుర్చీవాణ్ణని తెలిసిపోయిందన్నమాట. "కుర్చీ వద్దండీ" అన్నాను. దూది నింపి, బెత్తంతో కొట్టి సర్దాక, నా భార్య దబ్బనానికి దారం ఎక్కించి కూర్చోబోతుంటే ఆమె చేతిలోంచి తీసుకున్నాను. ఆమె నా మొహం ఒకసారి చూసింది. పరుపు మీద కూర్చున్నాను.

పరుపంతా కూర్చుని కుట్టి రెండేళ్ళు దాటింది. మొదటి పది కుట్లు సరిగా పడలేదు, తర్వాత చెయ్యి దారిలోకి వచ్చింది. పెద్దాయన కుర్చీ వేసుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"మనిషివి బాగా తగ్గావే. జిమ్‌కి పోతన్నావంటగా. ఎన్ని కిలోలు తగ్గావేంది?"

"ఐదండీ."

"ఐదా? ఏడు నెలలకి ఐదేనా? మా బావమరిది ఏదో పొడి తాగి రెండు నెలల్లో పన్నెండు తగ్గాడు."

నాకు రావలసిన కోపం వచ్చింది గానీ నోట్లో దారం ఉంది. పళ్ళతో తెంపి, ముడి వేసి, మొదటి వరస ముగించాను. ఇక లేచి అవతలికి జరగాలి. గంటకు పైగా కూర్చుని ఉన్నాను. కాళ్ళు మొద్దుబారాయి. ఒంటి కింద నా మోకాలు ఎక్కడుందో కూడా తెలియడం లేదు. పెద్దాయన చూస్తున్నాడు. తలుపు దగ్గర పెళ్ళికూతురు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చూస్తున్నారు. రెండేళ్ళ అలవాటు కొద్దీ నా భార్య వంగి చెయ్యి చాచింది.

ఎడమ మోకాలు ఆనించాను. దిగబడింది. కుడి పాదం ముందుకు వేశాను, అది పక్కకు జారింది. సర్దుకుని ఇంకోసారి గట్టిగా వేశాను. తొడ వణికింది. ఊపిరి బిగబట్టి ఒళ్ళంతా ఆ ఒక్క కాలి మీదికి తెచ్చాను. లేచాను.

ఆమె చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఒక్క క్షణం చూసుకుని, కొంగులో చుట్టుకుంది. కళ్ళు నిండాయి. అందరి ముందూ ఏడవడం ఆమెకు ఇష్టం ఉండదు. పరుపు వైపు చూపించింది.

"ఒక్క వరసేగా అయింది. ఇంకా ఏడున్నయ్. కూర్చో."

మళ్ళీ కూర్చున్నాను.